మా ఉప్పు తిన్న సారు

నాకు పగ ఎక్కువ. ఈ మాట సిగ్గుపడుతూ చెప్పడం లేదు. చిన్నప్పుడు మలక్‌పేట క్వార్టర్లలో పక్కింటావిడ మా బిందెను కుళాయి వరసలోంచి కాలితో నెట్టిందని, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆవిడ కూతురి పెళ్ళికి నేను పోలేదు. అప్పటికి బిందె సంగతి ఆవిడకే గుర్తులేదు. నాకుంది. "గింత పగ ఏందే నీకు, పాము కడుపున పుట్టినవా?" అని అమ్మ తిట్టేది. తిట్టి తిట్టి, చివరికి తనే "ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగాల్సిందేలే, నువ్వెందుకు ఫికర్ జేస్తవ్" అనేది. అమ్మ ఆ పనిని దేవుడికి వదిలేసేది. నాకు ఆయన మీద అంత నమ్మకం లేదు. ఆయనకి చాలా పనులుంటాయి.

ఇప్పుడు చెప్పబోయేది బిందె పగ కాదు. ఒక పెద్ద ధర్మసంస్థలో, ఎవరికి గ్రాంటు ఇవ్వాలో తేల్చే ఒక సారు మీద పగ. ఆయన పేరు రాయను. పేరు రాస్తే ఆయనకి ప్రచారం అవుతుంది, ప్రచారమంటే ఆయనకి ప్రాణం.

మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం పైన రెండు గదులు. కింద బస్తాలు దింపే వేళకి మెట్లెక్కినవాళ్ళు తుమ్ముతూనే పైకి వస్తారు. మేం అలవాటు పడిపోయాం. ఉత్తరాలూ దరఖాస్తులూ, వచ్చినవాళ్ళకి చాయ్ చెప్పడం, అన్నీ నేనే చూసేదాన్ని.

మేం చేసే పని ఇది. సముద్రం అవతల ఒక దేశంలో యుద్ధం నడుస్తోంది. ఆ దేశం పేరు కూడా రాయను, కారణం వేరే. మాతో మాట్లాడినవాళ్ళు ఇంకా అక్కడున్నారు. రెండు సైన్యాల మధ్య ఇరుక్కున్న ఊళ్ళలో మనిషికి కావలసింది మొదట మందూ కాదు, అన్నమూ కాదు. ఏ రోడ్డు తెరిచి ఉంది, ఏ వంతెన దగ్గర కాలుస్తున్నారు, ఏ బావి దాకా పోయి ప్రాణంతో తిరిగి రావచ్చు అన్నది తెలియాలి. అది చెప్పే మనిషి కావాలి. కానీ అక్కడ పక్కింటివాడిని పక్కింటివాడు నమ్మడం మానేశాడు. ఫోనెత్తినవాడు ఏ పక్షమో ఎవరికి తెలుసు?

అందుకని ఆ ఫోన్లు మా మిర్చి దుకాణం పైకి వచ్చేవి. పాతబస్తీలో గల్ఫ్‌కి పోయి వచ్చిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. షేకుల ఇళ్ళలో వంట చేసి, గిన్నెలు తోమి, పిల్లల్ని పెంచి, వంటింట్లోనే అరబ్బీ నేర్చుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మా దగ్గర కూర్చునేవాళ్ళు. ఒక ఊరి మనిషి తను చూసింది చెప్పేవాడు, దాన్ని వీళ్ళు తర్వాత ఫోన్ చేసినవాడికి చెప్పేవాళ్ళు. ఒక్కటే నియమం. ఒకరు చెప్పిన మాటను, దానితో సంబంధం లేని రెండో మనిషి కూడా చెప్పేదాకా నమ్మకూడదు, ముందుకు పంపకూడదు. మంచి కబురైనా అంతే, చెడ్డ కబురైనా అంతే.

"మనల్ని ఎవరన్న శక్ పడ్తరా బిడ్డా?" అనేది ఆపా నవ్వుతూ. "వంటామె గొంతు. అన్నం తిన్నవా అని అడిగే గొంతు. గా గొంతు మీద ఏ ఫౌజ్‌కు గూడ కోపం రాదు."

ఆపా అంటే అక్క. వయసులో మా అందరికన్నా పెద్దది, ఫోన్లకి ఆమే పెద్ద దిక్కు. ఇల్లు కిషన్‌బాగ్‌లో. మొగుడు పోయాక ఆ దేశానికే పోయి, ఒకే ఇంట్లో చాలా ఏళ్ళు చేసింది. ఆ ఇంటి పిల్లను పుట్టిన వారం నుంచీ ఆపాయే పెంచింది. ఆ పిల్లను 'బింతీ' అని పిలిచేది, అరబ్బీలో 'నా బిడ్డ' అని. ఆ పిల్ల ఆపాను 'యుమ్మా' అనేది. అది మన 'అమ్మా'నే. కన్నతల్లిని మాత్రం పేరు పెట్టి పిలిచేదట. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆపా ముఖంలో ఒక గర్వం కనిపించేది.

బింతీ పెరిగి నర్సు అయింది. యుద్ధం వచ్చి ఆమె ఉన్న ఊరి మీదే కూర్చుంది. ఒక బడి కింద ఉన్న నేలమాళిగలో ముసలివాళ్ళనీ పిల్లలనీ పెట్టుకుని, బింతీ వాళ్ళకి కట్లు కడుతూ ఉండేది. ప్రతిరోజూ మా లైన్‌కి ఫోన్ చేసేది. ముందు పని మాటలు, రోడ్డు సంగతీ కాల్పుల సంగతీ. అవి అయ్యాక ఆపా గొంతు మారిపోయేది. తిన్నావా, జడ వేసుకున్నావా, ఆ దగ్గు తగ్గిందా. పక్కనున్న ఆడవాళ్ళు పని ఆపి నవ్వుకునేవాళ్ళు.

ఒకరోజు బింతీ వ్యాన్ అడిగింది. సైన్యాలు అప్పుడప్పుడు కాల్పులు ఆపుతున్నాయి, ఆ సమయంలో రోడ్డు తెరుచుకుంటుంది. ఒక పెద్ద వ్యాన్ ఉంటే రెండు ట్రిప్పుల్లో అందరం సరిహద్దు పట్నానికి చేరిపోతాం యుమ్మా, అంది. మొదటి ట్రిప్పులో పిల్లలూ ముసలివాళ్ళూ, రెండో దాంట్లో మిగిలినవాళ్ళూ తనూ.

మాలాంటి సంస్థ ఇక్కడినుంచి పరాయి దేశానికి డబ్బు పంపలేదు. ఆ పెద్ద ధర్మసంస్థకి మాత్రం ఆ సరిహద్దు పట్నంలోనే ఆఫీసు ఉంది. వాళ్ళు ఒప్పుకుంటే వ్యాన్ అక్కడే కొని, డ్రైవర్ని పెట్టి పంపేయొచ్చు. దరఖాస్తు పెట్టాను. సారు చూడటానికి వచ్చాడు.

మెట్ల మీదనే తుమ్ములు మొదలయ్యాయి. ముక్కుకి తెల్ల రుమాలు అడ్డం పెట్టుకుని, "వావ్ మేడమ్, ఎంత రియల్‌గా ఉంది ఈ ప్లేస్!" అన్నాడు. మరి మేం ఉత్తుత్తిగా ఉంటామనుకున్నాడేమో. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఆపాను వెనకనుంచి ఫోటో తీసుకున్నాడు. ముఖాలు వద్దు సార్ అని చెప్పాను. "వీపే కదా మేడమ్" అన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి ఆపా తన ఇంటికి పిలిచింది. బగారా అన్నం, దాల్చా, మిర్చీ కా సాలన్, ఖుబానీ మీఠా. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచాక ముందు ఒక చిన్న గిన్నెలో ఉప్పు తిరుగుతుంది. ఎవరికి వాళ్ళు చిటికెడు తీసుకుని నాలుక మీద వేసుకుంటారు, ఆ తర్వాతే అన్నం. మేమాన్, అంటే ఇంటికొచ్చిన అతిథి, ఆ ఉప్పు ముట్టాడంటే ఆ ఇంటివాడైనట్టే. అతని కష్టం ఇంటికీ, ఇంటి కష్టం అతనికీ. సారు ఆ గిన్నె వంక చూసి మురిసిపోయాడు. "ఎంత బ్యూటిఫుల్ కస్టమ్ ఆంటీ!" అని చిటికెడు వేసుకుని, వేలు టిష్యూతో తుడుచుకున్నాడు. కడుపునిండా తిన్నాడు. లేచేటప్పుడు ఆపా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మీ ఉప్పు తిన్నా ఆంటీ. వ్యాన్ వచ్చేసినట్టే అనుకోండి."

ఈ మాట నేను నా చెవులతో విన్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ గల్లీ మొత్తం విన్నది.

ఆ సాయంత్రమే ఆపా బింతీకి చెప్పేసింది. వ్యాన్ వస్తోంది, నా ఇంటి ఉప్పు తిన్న మనిషి మాట ఇచ్చాడు, అని. అరబ్బుల ఇళ్ళలో కూడా ఉప్పుకి అంతే విలువట. ఆ పిల్లకి ఇంకో రుజువు అక్కర్లేకపోయింది.

ఇక మొదలైంది నాటకం. ముందు ఫోన్‌లో అడిగాడు.

"మేడమ్, మీ లైన్ వల్ల ఎంతమంది చనిపోకుండా ఉన్నారో ఒక నెంబర్ కావాలి. బోర్డుకి చూపించాలి."

"చనిపోకుండా ఉన్నవాళ్ళ నెంబరా సార్?"

"అవును. అదే కదా మీ ఇంపాక్ట్."

ఆపాకి చెప్పాను. ఆమె హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి పక్కకి జరిపి నన్ను ఎగాదిగా చూసింది. "తౌబా! సావనోళ్ళను లెక్కవెట్టమంటడా? నువ్వు సావలే, నేను సావలే, కింద మిర్చి సేఠ్ సావలే. మమ్ములను గూడ రాసుకొమ్మను." అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి ఇంకా నవ్వొచ్చేది.

తర్వాత, వ్యాన్ మీద తమ సంస్థ బొమ్మ ఎంత పెద్దదిగా వేస్తారని అడిగాడు. యుద్ధంలో వ్యాన్ మీద బొమ్మ వేస్తే అది గురి చూసుకోవడానికి పనికొస్తుంది సార్, అన్నాను. "విజిబిలిటీ లేకపోతే కష్టం మేడమ్" అన్నాడు. తర్వాత కమిటీ అన్నాడు. కమిటీ అయ్యాక ఇంకో కమిటీ. అది అయ్యాక, కమిటీ పెద్ద పారిస్‌లో ఉన్నారు, వచ్చాక చూద్దాం. ఆయన పారిస్ నుంచి వచ్చాడో, అక్కడే కాపురం పెట్టాడో నాకు తెలీదు.

ఈలోగా ఆ ఊళ్ళో పండ్ల లారీ నడిపేవాడొకడు ముందుకొచ్చాడు. ఆడవాళ్ళ ఒంటి మీది బంగారం ఇస్తే నేలమాళిగలో ఉన్నవాళ్ళని కొంచెం కొంచెంగా దాటిస్తానన్నాడు. వాడి పేరు మంచిది కాదు. బింతీ ఆపాను అడిగింది. యుమ్మా, పోనా, ఆగనా? ఆపా ఆ పూట చాయ్ కూడా తాగలేదు. చివరికి ఆగమంది. "వాడు దొంగ ముండాకొడుకు. సారు మన ఉప్పు తిన్నడు. వ్యాన్ వస్తది" అని మాకు తెలుగులో చెప్పి, ఆ పిల్లకి అరబ్బీలో చెప్పింది. బింతీ ఆగింది. చిన్నప్పుడు పాలు చల్లారేదాకా ఆగమంటే ఆగినట్టే ఆగింది. బడి దగ్గర కొందరు మాత్రం లారీ ఎక్కిపోయారు.

ఒక పొద్దున ఆపా మెట్లెక్కి వచ్చి, బుర్ఖా కూడా తీయకుండా నా టేబుల్ ముందు నిలబడింది.

"బిడ్డా, నా బొమ్మ పెట్టిండ్రు."

"ఏం బొమ్మ ఆపా?"

"నా వీపు. నా పచ్చ దుపట్టా, చెవులకు గీ డబ్బాలు. దేవిడీ గోడకు, ఇంత పెద్దగ. బస్సు కిటికీలకెళ్ళి చూసిన."

పోయి చూశాను. పాతబస్తీలోని ఒక పాత నవాబు దేవిడీని, అంటే మహల్ లాంటి ఇంటిని, ఈ మధ్య సున్నాలు వేసి, దీపాలు పెట్టి, పెద్దవాళ్ళ ఫంక్షన్లకి అద్దెకి ఇస్తున్నారు. ఆ ధర్మసంస్థ తన దాతలందరికీ అక్కడ విందు పెట్టుకుంది. గేటు పక్కన నిలువెత్తు బోర్డు. ఆపా వీపు. కింద పెద్ద అక్షరాలతో, 'యుద్ధంలో పౌరులకు మా అండ'.

తిరిగి వచ్చేసరికి ఆపా అలాగే నిలబడి ఉంది. "గట్లయితే పైసలు వచ్చినయా?" అని అడిగింది.

"రాలేదు ఆపా."

"మరి నా వీపు ఎట్ల ఎక్కిచ్చిండ్రు గోడకు?"

సారుకి ఫోన్ చేశాను. "అది జస్ట్ ఇన్‌స్పిరేషనల్ ఇమేజ్ మేడమ్. మీ గ్రాంట్ ఇంకా పైప్‌లైన్‌లోనే ఉంది. నెక్స్ట్ ఇయర్ చూద్దాం" అన్నాడు. నెక్స్ట్ ఇయర్! అక్కడ వాళ్ళు రేపటికి నీళ్ళెలాగా అని చూస్తున్నారు, వీడు వచ్చే సంవత్సరానికి చూస్తాడట. వీడి చూపు కాలిపోను. ఫోన్ పెట్టేసి కూర్చున్నాను. అరిస్తే లాభం లేదు. అరిచేవాళ్ళని వాళ్ళు 'ఎమోషనల్' అంటారు, అక్కడితో సరి. ఏడిస్తే ఇంకో ఫోటో తీసుకుంటారు.

అప్పుడు నాకు తట్టింది. మన దగ్గర తిట్టును తప్పించుకోవచ్చు, కేసును తప్పించుకోవచ్చు. సన్మానాన్ని తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. నలుగురిలో శాలువా పట్టుకుని ఎదురొస్తుంటే మెడ వంచని మగవాడిని నేనింతవరకు చూడలేదు.

అఫ్జల్‌గంజ్ దగ్గర ఫ్లెక్సీలు కొట్టే అబ్బాయి దగ్గరికి పోయాను. సారు ఫోటో ఇచ్చాను, నవ్వుతున్నది, సూటు వేసుకున్నది.

"లీడరా అక్కా? ఏ పార్టీ?"

"దాత తమ్మీ. మహాదాత."

"పక్కన సింహం పెట్టాల్నా, పులి పెట్టాల్నా?"

"రెండూ పెట్టు."

ఉస్మాన్‌గంజ్ నుంచి ఆ దేవిడీ గేటు దాకా కరెంటు స్తంభాలకి కట్టించాను. 'యుద్ధభూమికి వ్యాన్ పంపిన దానకర్ణునికి గల్లీ వాసుల కృతజ్ఞతలు.' ఒక పక్క తెలుగులో, ఒక పక్క ఉర్దూలో. మర్ఫా మేళం పెద్దను కలిశాను, అందరూ చాచా అంటారు. పెళ్ళిళ్ళకి ఆయన డప్పులు మోగితే ముసలివాళ్ళు కూడా భుజాలు ఎగరేస్తారు. విషయం చెప్పాను. ఆయన డప్పు వారు బిగిస్తూ విన్నాడు. "బేటీ, బారాత్ దెబ్బ వెయ్యాల్నా, గెలిచినోళ్ళ దెబ్బ వెయ్యాల్నా?" అన్నాడు. "పెండ్లికొడుకును తీస్కవోతున్నం చాచా, సిగ్గువడుతున్నడు" అన్నాను. ఆయనకి అర్థమైపోయింది. పైసలు ముట్టుకోలేదు.

విందు రోజు సాయంకాలం గల్లీ గల్లీ కదిలింది. ముందు మర్ఫా, వెనక హెడ్‌ఫోన్ల ఆడవాళ్ళు, ఆ వెనక మిర్చి సేఠ్, హమాలీలు, కిషన్‌బాగ్ నుంచి ఆపా వీధివాళ్ళు. గులాబీ దండ ఎంత పెద్దదంటే ఇద్దరు మోశారు. దేవిడీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపబోయాడు. ఎలా ఆపుతాడు? సన్మానానికి వచ్చినవాళ్ళం. పైగా గోడ మీదున్న వీపు మాతోనే నడుచుకుంటూ వచ్చింది. లోపల కార్పెట్ మీద దాతలందరూ డప్పులు వినగానే లేచి, సంబరంగా ఫోన్లు తీసి వీడియోలు మొదలుపెట్టారు. ఇదంతా కార్యక్రమంలో భాగమే అనుకున్నారు.

సారు మమ్మల్ని చూశాడు. ఆ ముఖంలో రంగు పోవడం నేను తీరిగ్గా చూశాను. ఎంత పోసినా ఆ దృశ్యం కొనుక్కోలేం.

దండ వేశాను. శాలువా కప్పాను. ఆయన నా చెవిలో "వద్దు మేడమ్, ప్లీజ్" అన్నాడు. నేను మైకు తీసుకున్నాను. ఆ సంస్థ చైర్మన్ ముందు వరసలో కూర్చుని ఉన్నాడు, తెల్లజుట్టు పెద్దాయన. ఆయన వైపు తిరిగి నమస్కారం పెట్టాను.

"అయ్యా, మీ సంస్థ తరఫున ఈ సారు మా గల్లీలో అన్నం తిని, ఉప్పు ముట్టి మాట ఇచ్చారు. యుద్ధంలో చిక్కుకున్నవాళ్ళ కోసం వ్యాన్ ఇచ్చారు. మీ గేటు పక్కనున్న బోర్డు చూశాక మాకు ఇంకా నమ్మకం కుదిరింది. ఆ వీపు ఈ ఆపాదే. ఆ ఊళ్ళో వాళ్ళ ప్రాణాలన్నీ ఇప్పుడు మీ వ్యాన్ మీదే ఉన్నాయి."

చప్పట్లు. చాచా డప్పు మీద ఒక దెబ్బ వేశాడు. చైర్మన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పాపం ఆయనకి ఏమీ తెలీదు. లేచి వచ్చి సారు భుజం తట్టాడు. "వెరీ గుడ్. వ్యాన్ చేరిందా అక్కడికి?"

సారు దండలోంచి నా వైపు చూశాడు. నేను నవ్వాను. నా జన్మలో అంత తియ్యగా ఎవరి వైపూ నవ్వలేదు, నా పెళ్ళి ఫోటోలో కూడా.

"ఆన్ ద వే సార్" అన్నాడు. "దారిలో ఉంది."

పారిస్ కమిటీ ఏమైందో, చనిపోనివాళ్ళ నెంబరు ఏమైందో, ఆ వారంలోనే వ్యాన్ కదిలింది. బొమ్మా లేదు, విజిబిలిటీ లేదు. గెలిచాననుకున్నాను. గల్లీ అంతా ఖుబానీ మీఠా పంచాం. ఆ రాక్షసుడి మెడ వంచానని మా అమ్మ ఫోటో దగ్గర నిలబడి చెప్పుకున్నాను కూడా.

వ్యాన్ ఆ ఊరు చేరింది. మొదటి ట్రిప్పులో బింతీ పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎక్కించింది. ఫోన్ చేసి, యుమ్మా, పిల్లలు కిటికీల్లోంచి చేతులూపుతూ పోయారు, వ్యాన్ మళ్ళీ వస్తుంది, ఇక మేమే, అంది. జడ వేసుకున్నావా అని ఆపా అడిగింది. వేసుకున్నానని ఆ పిల్ల నవ్వింది. వ్యాన్ సరిహద్దు దాటి పిల్లల్ని దింపి వెనక్కి తిరిగేసరికి రోడ్డు మూసేశారు. కాల్పులు మొదలయ్యాయి. డ్రైవర్ ఎంత బతిమాలినా దాటనివ్వలేదు. కాల్పులు ఆగే రోజులు అయిపోయాయి. సారు కమిటీలు నడిపిన నెలల్లో ఆ రోడ్డు ఎన్నిసార్లో తెరుచుకుని ఊరికే ఖాళీగా పడి ఉంది.

బింతీ ఫోన్ మొదట మోగేది, ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. తర్వాత మోగడం కూడా మానేసింది. పండ్ల లారీ ఎక్కినవాళ్ళు మాత్రం అందరూ క్షేమంగా చేరారని తెలిసింది. ఆ లారీవాడు దొంగే, బంగారం ఒక్క కమ్మ కూడా వదల్లేదు. కానీ మాట నిలబెట్టుకున్నాడు.

ఆ బడి గురించి ఒకాయన ఫోన్ చేసి ఒక మాట చెప్పాడు. ఆ మాటను నేను రాయను. మా నియమం ప్రకారం రెండో మనిషి కూడా చెప్పేదాకా ఏ కబురూ కబురు కాదు. రెండో మనిషి ఇంకా చెప్పలేదు. ఆపా ప్రతిరోజూ వస్తుంది, హెడ్‌ఫోన్ పెట్టుకుంటుంది. ఆ జిల్లా నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే రోడ్డు గురించి అడుగుతుంది, బావి గురించి అడుగుతుంది. బడి గురించి మాత్రం అడగదు.

అప్పుడు సారు ఫోన్ చేశాడు. పిల్లల్ని కాపాడిన వ్యాన్ కథ చైర్మన్‌కి చాలా నచ్చిందట. సక్సెస్ స్టోరీ రాసుకుంటారట, ఆపా మాటలు నాలుగు కావాలట. నా నోటికి వచ్చినవన్నీ బయటికి రాబోయాయి. ఆపా నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "రా బేటా. ఇంటికే రా. తిని పోదువు గాని."

"వానికి అన్నం పెడ్తవా ఆపా?" అని అరిచాను. "విషం పెట్టు!"

"నక్కో బిడ్డా. గట్ల అనొద్దు. మేమాన్."

ఆ రోజు వంటకి సాయం చేద్దామని పొద్దున్నే కిషన్‌బాగ్ పోయాను. అవే వంటలు. బగారా అన్నం, దాల్చా, సాలన్. ఉల్లిపాయలు ఎర్రగా వేగాయి, చింతపండు పిసికింది, అన్నీ పద్ధతిగా చేసింది. కానీ ఉప్పు వేయలేదు. దుఃఖంలో మర్చిపోయిందనుకున్నాను. నేనే డబ్బా తీసి గరిట మీదికి వంచబోయాను. ఆపా నా మణికట్టు పట్టుకుంది. డబ్బా తీసుకుని మూత పెట్టి పై అరలో పెట్టింది.

సారు పూలగుత్తితో వచ్చాడు. దస్తర్‌ఖాన్ పరిచాం. ఉప్పుగిన్నె తిరగలేదు. అది లేదేమిటని ఆయన అడగలేదు. బ్యూటిఫుల్ కస్టమ్ ఆయనకి గుర్తే లేదు. అన్నం కలుపుకున్నాడు. నేనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మట్టి తిన్నట్టుంది, గొంతు దిగలేదు. ఆయన మాత్రం తిన్నాడు. ఫోన్ పక్కన పెట్టుకుని, ఒక కన్ను దాని మీదే వేసి, దాల్చా మళ్ళీ వడ్డించుకున్నాడు.

"సూపర్ ఆంటీ. అప్పటిలాగే ఉంది."

"ఉప్పు సరిపోయిందా బేటా?" అంది ఆపా.

"పర్ఫెక్ట్."

ఆపా ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. కూరగాయలు ఏరేటప్పుడు పుచ్చు కనిపిస్తే చూసే చూపు.

"ఉప్పు వెయ్యలే బేటా. ఒక్క చిటికెడు గూడ వెయ్యలే." ఆగి, మళ్ళీ అంది. "గా రోజు గూడ నీ నాలికకు తగల్లేదు. నాకే తెల్వక, నా బిడ్డను ఆగుమన్న."

లేచి చేతులు కడుక్కుంది. బుర్ఖా వేసుకుని, ఫోన్ల వేళైందని బయటికి పోయింది. గుమ్మం మెట్లు దిగే చప్పుడు, ఆ తర్వాత గల్లీలో ఆటోని పిలిచే గొంతు వినిపించాయి.

సారు ప్లేటులో చెయ్యి అలాగే ఉంది. నోట్లో ముద్ద మింగలేక, ఉమ్మలేక, ఆ రోజు మొదటిసారి దాని రుచి తెలుస్తున్నట్టు ముఖం పెట్టాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. నీళ్ళ కోసం చెయ్యి చాపాడు.

జగ్గు నా పక్కనే ఉంది, నిండుగా. నేను దాన్ని తీసుకుని వంటింట్లోకి పోయాను. ఉప్పు తిననివాడికి నీళ్ళెందుకు?